గొడుగు కుటుంబంలో ఒకటి

శుక్రవారం పొద్దున గుడ్ల కూరలోకి కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకు తరుగుతూ ముక్దాద్ మాస్టారు చటుక్కున ఆగిపోయారు. నిన్నటి పాఠం సగంలోనే వదిలేసి వచ్చానన్న సంగతి అప్పుడు తట్టింది. పొయ్యి ఆర్పి, చెప్పులు వేసుకుని వీధిలో పడ్డారు.

కొండ కింద జెందూబా పట్నంలో ముప్పై ఏళ్లు ప్రకృతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. భార్య జొహ్రా పోయాక ఇంట్లో కాలు నిలవడం లేదు. అందుకే గురువారాలు ఐన్ ద్రాహమ్ కొండెక్కి, అడవి ఆకులు ఏరే ఆడవాళ్ల సంఘానికి మొక్కల కుటుంబాలు చెబుతున్నారు. కాడ పలకలు తేలి, ఆకులు ఎదురెదురుగా ఉండి, నలిపితే ఘుమఘుమలాడితే పుదీనా కుటుంబం. నాలుగు రేకులు శిలువలా పరుచుకుంటే ఆవ కుటుంబం. నిన్న గొడుగు కుటుంబం. కాడ చివర ఒకే చోట పుట్టిన పుల్లలు, వాటి మీద చిన్న చిన్న పూలు.

"మన వంటిల్లు నడిపేది ఈ కుటుంబమే" అన్నారు మాస్టారు. ధనియాలు, జీలకర్ర, సోంపు, పార్స్లీ, క్యారెట్ అన్నీ చుట్టాలే అంటే ఆడవాళ్లు మురిసిపోయారు. "అయితే ఒక్క జాగ్రత్త" అనేలోగా కింద టాక్సీ నడిపే హమాదీ హారన్ కొట్టాడు. ఆఖరి బండి. ఆ జాగ్రత్త చెప్పకుండానే ఆయన దిగి వచ్చేశారు.

ప్రతి శుక్రవారం వాళ్లంతా కలిసి సోంపు ఆకు, అడవి క్యారెట్ ఆకు వేసి గోధుమ రవ్వ కుస్‌కుస్ వండుకుంటారు. వాగు పక్కన అదే గొడుగు పూలతో, అదే చీలికల ఆకులతో శౌకరాన్ మొలుస్తుంది. మనిషి ఊపిరి ఆపేసే మొక్క అది.

నడుస్తూనే మాస్టారు సంఘం పెద్ద మబ్రూకాకు ఆరుసార్లు ఫోన్ చేశారు. ఆ కొండ మీద సిగ్నల్ అందితే కదా!

అడ్డాలో ఎనిమిది సీట్లూ నిండితేగాని టాక్సీలు కదలవు. హమాదీ బండికి మాస్టారితో కలిపి ముగ్గురే అయ్యారు.

"ఏంటి మాస్టారూ, చీమల పుట్టలో నిలబడ్డట్టు ఆ గెంతులేంటి? ఇంకా అయిదుగురు రావాలి."

మాస్టారు సంగతి చెప్పారు. హమాదీ నవ్వు ఆగిపోయింది. "మా ఆవిడ ఫిర్దౌస్ కూడా అక్కడే తింటది" అంటూ బండి తీసేశాడు. అయిదు సీట్లూ ఖాళీగానే. అంత గాభరాలోనూ మాస్టారికి అది గుర్తుండిపోయింది.

దారి పొడవునా గట్ల మీద తెల్లటి గొడుగులే. ఏటా కళ్లు చల్లబడేలా చూసుకునే పూలు. ఇవాళ ఒక్కొక్కటీ శౌకరానేమోనని కిటికీలోంచి వంగి వంగి చూశారు. హమాదీ మలుపుల్లో కూడా బ్రేకు తొక్కలేదు. వెనక సీట్లో ముసలాయన దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాడు.

సంఘం వాకిట్లో ఆవిరి కుండ పొగలు కక్కుతోంది. చాప మీద పళ్లేలు పరిచి ఉన్నాయి.

"ఎవరూ తినకండి! తిన్నారా? ఎవరైనా తిన్నారా?" మాస్టారు బండి దిగుతూనే అరిచారు.

"ముందు సలాం చెప్పండి, తర్వాత తిట్టండి" అంది మబ్రూకా గరిటె ఊపుతూ. "ఇంకా ఉడకనే లేదు."

ఆయన మిగిలిన ఆకుల బుట్ట చాప మీద బోర్లించి కాడలు ఒక్కొక్కటే వేళ్ల మధ్య దొర్లించారు. నూగు ఉంది. ఇదీ నూగే. ఇదీ క్యారెట్టే.

"నున్నగా ఉండి ఊదా మచ్చలున్న కాడ కోసం వెతుకుతున్నారా?" అంది మబ్రూకా. "గోడ మీద చూడండి."

గోడ మీద వాడిపోతూ ఒక కట్ట. శౌకరానే.

తలుపు చాటునుంచి ఫిర్దౌస్ ముందుకొచ్చింది. ముఖం ఎర్రబడింది. "నేనే కోశాను మాస్టారూ. గొడుగు కుటుంబమే కదా, మీరు చెప్పినట్టే పోల్చుకున్నానని సంబరపడ్డాను. మబ్రూకా పిన్ని లాగిపారేసింది."

"నలిపితే ఎలుకల కంపు కొట్టింది" అంది మబ్రూకా. "కుటుంబం మంచిదైతే మాత్రం? మా చిన్నమామదీ మా కుటుంబమే. వాణ్ణి వంటింట్లోకి రానిస్తానా?"

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. చాప మీద కూలబడ్డారు. ఫిర్దౌస్ నీళ్లు తెచ్చి చేతులు కడిగించింది, మరోసారి కడిగించింది. హమాదీ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"తప్పు నీది కాదమ్మా" అన్నారు మాస్టారు. "కుటుంబం చెప్పి, అందులో ఎవరు చెడ్డో చెప్పకుండా వెళ్లిపోయాను."

"అయితే ఇప్పుడు చెప్పండి" అంది ఫిర్దౌస్, ఆ కట్టను పుల్లతో ఆయన ముందుకు జరుపుతూ. "ఆవ కుటుంబంలో చెడ్డదెవరో, పుదీనా కుటుంబంలో చెడ్డదెవరో కూడా. అన్నీ చెప్పాకే భోజనం."

మాస్టారు నిన్నటి హారన్ గుర్తొచ్చి హమాదీ వైపు చూశారు. అతను బండి దగ్గరికి వెళ్లి, ఇంజను ఆపి, తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.