ఏడుపు లేని శుక్రవారం

"ఈసారి గుళ్లె ఏడుపులు వద్దన్నరు సాములోరు. ఆడోళ్లకు నువ్వే సెప్పు," అన్నాడు ఏసుపాదం గుమ్మంలోనే నిలబడి. లోపల జానమ్మ పేడతో అలుకుతోంది. అడుగు పెడితే కాళ్లకు అంటుకుంటుందని అతని భయం.

గుడి అలికేది ఆమె, గోడలకు సున్నం కొట్టేది ఆమె, పీఠం మీది గుడ్డలు చౌడు పెట్టి ఉతికేది ఆమె. ఊరికి ప్రార్థనలు చెప్పించే ఉపదేశి మాత్రం ఆమె మొగుడు ఏసుపాదం. పోయిన క్రిస్మస్‌ నుంచి కొత్త స్వాములవారు నెలకోసారి సూర్యాపేట నుంచి వస్తున్నారు. ఆయన వచ్చీరాని తెలుగును ఊరికి విడమరిచి చెప్పడం ఏసుపాదం పని. చెడు కబురైతే దాన్ని ఆడవాళ్లకు చేర్చడం ఎప్పుడూ జానమ్మ పనే.

"ఏడ్వకుంటే అది మంచి శుక్రవారం ఎట్లయితది?" అంది.

"సావు ఇంట్ల లెక్క గుండెలు బాదుకునుడు, ఎంటికలు ఇరబోసుకునుడు దేవుని పద్ధతి కాదంట. కోదాడ నుంచి పాడెటోళ్లొస్తరు. లాటిన్ల పాడతరు. మీరు నోరు మూసుకొని మోకాళ్ల మీదుంటే సాలు."

ఆ ఊళ్లో తాతలనాటి నుంచి మంచి శుక్రవారం మధ్యాహ్నం సిలువ మీది స్వామి స్వరూపాన్ని దించి తెల్లగుడ్డ మీద పడుకోబెడతారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, కన్నకొడుకు పోయినట్టే పేరు పెట్టి ఏడుస్తారు. స్వామి కోసం మొదలైన శోకం కాసేపటికి ఒక్కొక్కరినీ తాము పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి తీసుకుపోతుంది. ఎందుకేడుస్తున్నావని ఆ ఒక్కపూట ఎవరూ ఎవరినీ అడగరు.

కబురు వినగానే ముసలి మట్టమ్మ చేతిలో చీపురు విసిరికొట్టింది. "మా అమ్మ ఏడ్సింది, నేనేడ్సిన. కొత్తగొచ్చి మా కండ్లనీళ్లకు తాళమేస్తడా?" అంది. మగవాళ్లు మాత్రం మహా సంతోషపడ్డారు. ఇగ గుడి జర మర్యాదగుంటదని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్ల మర్యాదంతా ఆడవాళ్ల గొంతులోనే ఇరుక్కుని ఉంటుంది కాబోలు!

జానమ్మకు కోపం కంటే ముందు కంగారు పుట్టింది. అలికిన చోటే మళ్లీ అలికింది. ఈ శుక్రవారం కోసం ఆమె నిరుటి వానాకాలం నుంచి ఎదురుచూస్తోంది మరి.

నిరుడు రజాకార్ల భయానికి ఊరంతా కోదాడ దిక్కు పారిపోయింది. దారిలో జొన్నచేలో దాక్కున్నప్పుడు, జ్వరంతో కాలిపోతున్న మూడేళ్ల కూతురు లూర్దమ్మ ఆమె ఒళ్లోనే కన్ను మూసింది. అవతల బాట మీద లారీ చప్పుడు. జానమ్మ గొంతులోంచి కేక బయటపడేలోపే ఏసుపాదం అరచెయ్యి ఆమె నోటి మీద పడింది. "ఏడ్వకు, అందర్ని సంపుతవు," అన్నాడు. నిజమే, అందుకు తప్పు పట్టలేదామె. కానీ ఆ చెయ్యి మళ్లీ తీసిందెప్పుడు? ఊరికి తిరిగొచ్చాక అత్త, "దీపం పెట్టే యాళ ఏడుపేంది? ఇంటికి మంచిది గాదు," అంది. చేలో కన్నీళ్లు పెట్టుకుంటే దొర మనిషి, "కలుపు తియ్యనొచ్చినవా, శోకాలు పెట్టనొచ్చినవా?" అని అరిచాడు. మొగుడి పక్కన ఏడవబోతే అతను అటు తిరిగి పడుకుని, "ఇంకో బిడ్డ పుడ్తది తియ్," అన్నాడు. ఇంకో బిడ్డ! పగిలిన కుండ స్థానంలో మరో కుండ తెచ్చుకున్నంత తేలిగ్గా అనేశాడు. అందుకే ఏడుపంతా మూటగట్టి ఈ శుక్రవారానికి దాచుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. కోదాడవాళ్లు పాడారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా బాగానే పాడారు. స్వరూపాన్ని దించి, జానమ్మ ఉతికిన గుడ్డ మీద పడుకోబెట్టారు. పాట ఆగింది. ఆడవాళ్ల తలలన్నీ జానమ్మ వైపు తిరిగాయి. ఏటా శోకం ఎత్తుకునేది ఆమే. ముందు వరసలోంచి ఏసుపాదం కళ్లురిమాడు. ఆమె చూపు అతని మీదా లేదు, స్వరూపం మీదా లేదు. ఆ తెల్లగుడ్డ మీదే ఉంది. జొన్నచేలో బిడ్డను చుట్టడానికి ఇంత గుడ్డయినా దొరకలేదు.

"నా బిడ్డా! లూర్దమ్మా!"

గుడి మొత్తం ఉలిక్కిపడింది. ఏసుపాదం రెండంగల్లో వచ్చి ఆమె నోరు మూయబోయాడు. అదే చెయ్యి. జానమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"సామి కోసం ఏడ్వద్దన్నరని అందరికి నేనే సెప్పిన. నేను సామి కోసం ఏడుస్తలేను."

పీఠం దగ్గర నుంచి స్వాములవారు, "ఉపదేశీ, ఎవరు లూర్దమ్మ?" అని అడిగారు. ఆయనకు తెలియదు. ఏసుపాదం ఎన్నడూ చెప్పలేదు.

అతను చెయ్యి విడిపించుకోబోయాడు. జానమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

"అడుగుతుండ్రు గద," అంది. "ఎవలో సెప్పు."