ఒకటి నొక్కిన ఊరు

ఎనెలేసి తిరిగొచ్చేసరికి చేను లేదు. పొద్దున మోకాలెత్తున ఉన్న మొక్కజొన్న మట్టిలో కలిసిపోయింది. చెరకు ఎస్టేటు ట్రాక్టర్లు దున్నిన చాళ్ల మధ్య ఆమె మేనమామ బిజివేకీ బోర్లా పడి ఉన్నాడు. పార పిడికిట్లోనే ఉంది. నడుము కింద మనిషి మనిషిలా లేడు.

ఊళ్లో ఫోను లేనివాడు ఆయనొక్కడే. అందుకే ఆ పొద్దున ఆయనొక్కడే చేనులో ఉన్నాడు.

మిగతా ఊరంతా ఎనిమిది మైళ్ల అవతల గోదాము ముందు ఎండలో నిలబడింది. ఫోనులో సేద్యం సలహాలు చెప్పే ఆడగొంతు, కత్తెర పురుగు మందు ఉచితంగా ఇస్తాం, ఇంటిల్లిపాదీ రండి, వచ్చేవాళ్లు ఒకటి నొక్కండి అంది. నొక్కారు. వెళ్లారు. గోదాముకు తాళం వేసి ఉంది.

ఆ గొంతును ఎందుకు నమ్మరు? వానెప్పుడో చెప్పింది, వాన పడింది. మందు కొనలేనివాళ్లను మొక్క మొవ్వులో ఇసుకా బూడిదా కలిపి పోయమంది, పురుగు చచ్చింది. ఆడవాళ్లు దానికి చిన్నమ్మ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ చిన్నమ్మకు జీతమిచ్చేది చెరకు ఎస్టేటేనన్న సంగతి మాత్రం అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

పోలీసులు శవం వైపు చూడకుండా ఒక కాగితం చూపించారు. నది దాకా భూమి ఎస్టేటుదట. ముసలాయన తనే వచ్చి ట్రాక్టరు కింద పడ్డాడట.

పాతిపెట్టిన సాయంత్రమే అందరూ చర్చి వెనక కూడారు. ఊరి పెద్దతో అర్జీ పెట్టిద్దామన్నారు ముసలివాళ్లు. ఆయన ఇంటి మీద కొత్త రేకులు ఎవరు వేయించారో ముందు అడగమన్నారు ఆడవాళ్లు. సైకిలు మీద మనుషుల్ని మోసి బతికే లెదిసోని ఏకంగా రోలు దొర్లించుకొచ్చాడు. ఫోన్లన్నీ ఇందులో వేయండి, దంచుతానన్నాడు.

ఎనెలేసి లేచింది.

“మనం ఊళ్ల లేమని వాళ్లకెవరు చెప్పిండ్రు?”

తన ఫోను పైకెత్తి చూపించింది.

“మనమే. ఒకటి నొక్కి చెప్పినం. మా మామను నా వేలే చంపింది.”

“అందుకే దంచుదామంటున్న వదినా,” అన్నాడు లెదిసోని.

“దంచితే వాళ్లు జాగ్రత్త పడ్తరు. ఏటి పక్క చేను ఇంకా ఉంది. దానికోసం మళ్ల పిలుస్తరు. మళ్ల నొక్కుదాం. ఈసారి కదలొద్దు.”

“వాళ్లకు తుపాకులున్నయ్ తల్లీ,” అంది ముసలి దొరోఫే.

“మనకు ఇసుకుంది అత్తా. బూడిదుంది. పురుగునెట్ల చంపాల్నో వాళ్లే నేర్పిండ్రు.”

మర్నాటి నుంచి లెదిసోని సైకిలు వంతెన దాటి అవతలి ఊళ్లకు ఎక్కువగా తిరిగింది. ఎక్కినవాళ్లకు దారి పొడుగునా ఇదే మాట చెప్పాడు, నొక్కండి గానీ కదలొద్దని.

నెల తిరిగేసరికి ఏటి పక్క చేను మనిషెత్తు పెరిగింది. చిన్నమ్మ మళ్లీ తియ్యగా పిలిచింది. ఊరు ఊరంతా ఒకటి నొక్కి, తెల్లారేసరికి ఆ చేనులోకి దూరి కూర్చుంది.

రెండు ట్రాక్టర్లు, ఆరుగురు కాపలావాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. నాగలి మొదటి సాలు మీద పడగానే ఎనెలేసి మామ పేరు పెట్టి గొంతు చించుకుని అరిచింది. చేనంతా లేచింది. పిడికిళ్ల కొద్దీ ఇసుకా బూడిదా కాపలావాళ్ల కళ్లలో పడింది. కళ్లు కనపడకుండానే తుపాకులు పేల్చారు. లెదిసోని గొంతులోంచి రక్తం చిమ్మింది, దొరోఫే ఒళ్లో పడ్డాడు. ఆ తర్వాత పారలు ఆగలేదు. కాపలావాళ్ల పెద్ద అక్కడే చచ్చాడు, మిగిలినవాళ్లు ఏట్లో దూకారు. ఎనెలేసి పార ఎత్తేసరికి ట్రాక్టరు డ్రైవరు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. ఆమె పార దించింది.

“నువ్వూ కూలోడివే. దిగి పో.”

ట్రాక్టర్లను వాటి డీజిలుతోనే తగలబెట్టారు.

సాయంత్రం పోలీసు లారీలు వచ్చాయి. పదకొండు మందిని తాళ్లతో కట్టి, విరగ్గొట్టగలిగినన్ని ఎముకలు విరగ్గొట్టి, మర్నాడు జిల్లా జైలుకు బయల్దేరదీశారు. వంతెన మీద ఎస్టేటు కొత్త ట్రాక్టర్లు అవతలి ఊరి వైపు పోతూ ఎదురయ్యాయి. ఇన్‌స్పెక్టరు ఎనెలేసి జుట్టు పట్టుకుని అటు తిప్పాడు.

“చూడు, వాళ్లకు బుద్ధుంది. మూడొందల మంది ఒకటి నొక్కి మందు కోసం పోయిండ్రు. ఊళ్ల పురుగు లేదు.”

పగిలిన పెదవులతో ఎనెలేసి అవతలి ఊరి నుంచి గోదాముకు పోయే బాట వైపు చూసింది. పొద్దెక్కింది. బాట మీద ఒక్క మనిషి లేడు, ఒక్క సైకిలు లేదు.

లెదిసోని మాట అందింది. ఆమె మొహం కిందికి దించుకుంది, నవ్వు ఇన్‌స్పెక్టరుకు కనపడకుండా.