పదకొండో తారీఖున వేసిన డ్రైవర్

అక్క ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు తమ్ముడు ఆమె కంప్యూటర్‌లో చెయ్యి పెట్టాడు. ఇందులో వాదించుకోవడానికేమీ లేదు. ఎదురు కొట్టు కళ్ళజోళ్ళాయన చూశాడు. పదకొండో తారీఖు మధ్యాహ్నం బావ, అంటే తాళాలాయన, ఆసుపత్రిలో భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్న వేళకే, బావమరిది ఇక్కడ తాళాల కొట్టు షట్టర్ ఎత్తి లోపలికి వెళ్ళాడు. రెండు గంటలు ఉన్నాడు. బయటికొచ్చి, షట్టర్ దించి, తాళం వేసి, లాగి చూసుకుని మరీ పోయాడు. పన్నెండో తారీఖు తెల్లవారేసరికి ఆమె లేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ముప్పై ఏళ్ళు తాళాలు చేసినవాడికి ఒకటి తెలుసు. బయటి దొంగ తాళంకప్ప పగలగొడతాడు. ఇంటిదొంగ తాళంచెవితో వస్తాడు. ఆ కొట్టుకి తాళంచెవులు రెండే. ఒకటి ఆయన మొలతాడుకి ఉంటుంది. రెండోది భార్య సంచీలో ఉండేది. ఆసుపత్రి నుంచి సంచీ తిరిగొచ్చింది, తాళంచెవి రాలేదు.

బావమరిదిని గుమ్మం ఎక్కొద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. చేసినవాడికి వేరే చెప్పాలా? రెండు నెలల్లో వాడు మూడుసార్లు వచ్చి మూడుసార్లూ మెట్టు దగ్గరి నుంచే తిరిగిపోయాడు.

కొట్టు కింద, కాపురం పైన. కంప్యూటర్ కొట్టులోనే, గల్లా బల్ల పక్కన ఉండేది. అది భార్య చేతికిందది. ఆయన చేసిన ప్రతి తాళానికీ ఒక నంబరు, ఆ నంబరు కింద తాళంచెవి పళ్ళ లోతులు, కొన్నవాళ్ళ గుర్తు అన్నీ ఆమె పద్దెనిమిదేళ్ళుగా అందులో ఎక్కించింది. ఆ పట్టిక చేజిక్కితే ఊళ్ళో సగం తలుపులు తెరిచి పెట్టినట్టే. అందుకే దానికి బయటి తీగ ఏదీ తగలనిచ్చేవాడు కాదు. భార్య ఒకసారి అడిగింది. "తీగంటే తలుపే," అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆమె పోయిన నాలుగో రోజు, పైగదిలోకి అడుగుపెట్టకుండా వసారాలోని దిండూ దుప్పటీ తెచ్చుకుని ఇక కొట్టులోనే పడుకుందామని మెట్లు దిగుతుంటే, మలుపులో బీరువా వెనక కొత్త నీలం తీగ కనబడింది. కింద చూస్తే దాని కొస కంప్యూటర్ వెనక గుచ్చి ఉంది. రెండో కొస ఎటు పోయిందో వెతకలేదు. పైకెక్కిన తీగ డాబా మీదుగా వీధిలోకే పోతుంది, ఇంకెక్కడికి పోతుంది? గోడ మీంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని, బీరువా సందులోకి చెయ్యి దూర్చి, కనబడకుండానే నొక్కాడు. కటుక్కుమంది. దొంగతోవ మూసేశాననుకున్నాడు. కింది కొసని సాక్ష్యంగా అలాగే ఉంచాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. పైగది మొహం మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆ కంప్యూటర్ అవసరం పడింది. పిల్లల ఆసుపత్రిలో మందుల బీరువాలు నలభై రెండు. వాటి తాళాలు పన్నెండేళ్ళ కింద ఆయన చేసినవే. వార్డు మారుస్తూ తాళంచెవుల గుత్తి పోగొట్టుకున్నారు. శనివారంలోగా కొత్తవి ఇవ్వకపోతే తాళాలన్నీ పీకేసి కంపెనీవి బిగిస్తామన్నారు. ఒక్కో తాళం విప్పి లోతులు కొలిస్తే నెల పడుతుంది. పట్టిక చూసి కోస్తే ఒక్క రోజు పని. రెండు నెలల తరవాత మీట నొక్కాడు. తెర వెలిగింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఆగిపోయాయి. మళ్ళీ నొక్కాడు. అక్కడే ఆగింది. సోమవారం నుంచి గురువారం దాకా మొండి ఎద్దులా ఒకే చోట మొరాయించింది.

వాడేదో చేశాడు. లేకపోతే బతికున్నన్నాళ్ళూ ఆమె మాట విన్న మిషను ఇప్పుడెందుకు వినదు?

గురువారం పిలిపించిన, కంప్యూటర్లు బాగుచేసే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. పెట్టెని తన కొట్టుకి పట్టుకెళ్తానంది. కుదరదన్నాడు. అయితే ఇక్కడే చూస్తానని బల్ల మీద సంచీ పరిచింది. ఆయన స్టూలు లాక్కుని ఆమె చేతులకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె విప్పిన నాలుగు మరల్నీ తన గుప్పిట్లో వేసుకున్నాడు.

"మరలు నేను తిన్లెండి అన్నయ్యగారూ."

"తినేవాళ్ళని చూశాను."

ఆమె నవ్వి దుమ్ము ఊదింది. తీగలు కదిపి చూసింది. మళ్ళీ లేపి, మొదట్లోనే ఏదో మీట పట్టుకుని, సేఫ్ మోడ్ అంది. ఈసారి తెర లేచింది, కానీ బొమ్మలు ఉబ్బిపోయి, రంగులు వెలిసిపోయి ఉన్నాయి.

"లేచింది కదా. పట్టిక తియ్యండి," అన్నాడు.

"ఇది లేవడం కాదండీ, జ్వరం మనిషి గోడ పట్టుకుని నిలబడటం. అవసరమైనవి నాలుగే నడుస్తాయి. మీ పట్టిక ప్రోగ్రాంకి వెనక ఒక బిళ్ళ గుచ్చారు చూడండి, అది ఉంటే గాని తెరుచుకోదు. ఆ బిళ్ళని ఇది ఇప్పుడు గుర్తుపట్టదు."

ఆ బిళ్ళ పెట్టించింది ఆయనే. తాళానికి తాళం.

కంప్యూటర్ లేచేటప్పుడు వరసగా ఏమేం లేపుతోందో రాసుకునేలా ఆమె ఒక ఏర్పాటు చేసి, మామూలుగా లేపింది. ఆగిపోయింది. మళ్ళీ సేఫ్ మోడ్‌లోకి వచ్చి ఆ చిట్టా తెరిచి, చివరి వరస మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఆగుతోంది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్. అంటే తీగ గుచ్చుకునే కార్డుతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాం. మిగతావన్నీ పాతవే. ఇదొక్కటే కొత్తగా వేశారు." కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి తేదీ చదివింది. "పదకొండో తారీఖు. మధ్యాహ్నం రెండుంపావు."

తాళాలాయన ఆ అంకెలకేసి చూశాడు. రెండుంపావుకి భార్య మంచినీళ్ళడిగింది. అది ఆయనకి గుర్తుంది. గ్లాసు ఆయనే పట్టుకున్నాడు.

ఫోన్ తీసి బావమరిదికి కలిపాడు. "మీ అక్క తాళంచెవి పట్టుకురా."

"ఇప్పుడా బావా?"

"ఇప్పుడే."

ఆవిడ ఆ డ్రైవర్‌ని పని చెయ్యకుండా ఆపి, కంప్యూటర్‌ని మామూలుగా లేపింది. నిమిషంలో లేచి కూర్చుంది. పట్టిక తెరుచుకుంది. నలభై రెండు నంబర్లూ లోతులతో సహా ఉన్నాయి.

"మీ పని అయిపోయింది."

"కాలేదు. వాడేం పట్టుకుపోయాడో చెప్పండి."

"ఎవరు?"

"ఆ డ్రైవర్ వేసినవాడు. అది దొంగది."

"దొంగది కాదండీ. ఈ పాత కార్డుకి సరిగ్గా అదే వెయ్యాలి. వెతికి వెతికి వేశారు, తెలిసిన చెయ్యే." ఆవిడకి కూడా పట్టుదల వచ్చినట్టుంది. డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి నీలం తీగ పీకేసి లేపింది. శుభ్రంగా లేచింది. తీగ గుచ్చి లేపింది. ఆగింది. "తప్పు తీగది. ఇదెక్కడికి పోతుంది?"

"వీధిలోకి," అన్నాడు.

"పైగదిలోకి," అన్నారు వెనకనించి.

బావమరిది మెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆఫీసుల్లో తీగలు లాగే పని వాడిది. జుట్టు నిండా సున్నం పొడి. మెట్టెక్కకుండానే చెయ్యి చాపి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

తాళాలాయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. నకలు తియ్యాలంటే తాళంచెవిని మిషను దవడల్లో బిగించాలి. ఎంత మెత్తగా బిగించినా మెడ దగ్గర పంటిగాటు పడుతుంది. ఈ మెడ నున్నగా ఉంది. తిప్పి చూశాడు. అటూ నున్నగానే ఉంది. అయినా అసలుదే చేతిలో ఉన్నవాడికి నకలెందుకు?

"పదకొండున వచ్చావు."

"వచ్చాను."

"కళ్ళజోళ్ళాయన చూశాడు."

"చూసుంటాడు. నేను చెయ్యూపితే ఆయనా ఊపాడు. ఎవరనుకుని ఊపాడో మరి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు."

ఆవిడ నవ్వాపుకుంది. "ముందు తీగ చూద్దాం పదండి. మాటలు దారిలో అనుకోవచ్చు."

ఆవిడ ముందు, తాళాలాయన వెనక. బావమరిది మెట్టు దగ్గర ఆగి చూశాడు. రమ్మనలేదు, వద్దనలేదు. ఎక్కాడు.

తీగ గోడవారగా, జానెడు జానెడుకి ఒక మేకుతో, తిన్నగా పోయింది. దొంగతనంగా లాగిన తీగలా లేదు. మలుపు దగ్గరికొచ్చేసరికి తాళాలాయన నడక మందగించింది. ఆవిడ బీరువా సందులోకి టార్చి కొట్టి, వేళ్ళు పోనిచ్చి, తీగని బయటికి లాగింది.

"ఇదీ సంగతి. సగం తెగింది. ఎనిమిది పోగుల్లో రెండు తెగాయి, ఆరు ఉన్నాయి."

"సగమా?" అన్నాడు తాళాలాయన. అని, నాలిక కరుచుకున్నాడు.

"పూర్తిగా తెగినా బావుండేది. కార్డు లేస్తూనే అవతల ఎవరైనా ఉన్నారా అని పిలుస్తుంది. తీగే లేకపోతే ఎవరూ లేరనుకుని ముందుకి పోతుంది. ఇక్కడ అవతల ఉన్నట్టు అలికిడి తెలుస్తోంది, జవాబు మాత్రం రావట్లేదు. పాత డ్రైవర్ కదా, మొండిది. జవాబు వచ్చేదాకా కదలనని కూర్చుంటోంది." గాటుని వెలుతురుకి పట్టింది. "ఎలక కొరికిందంటారా?"

బావమరిది వంగి చూశాడు. గాటు ఏటవాలుగా, నున్నగా ఉంది, మధ్యలో మాత్రం తొడుగు చిన్న నాలికలా మిగిలింది. పన్ను విరిగిన కటింగ్ ప్లేయర్ గాటు అలా పడుతుంది. ఆ ప్లేయర్ కింద గోడ మేకుకి వేలాడుతోంది. దాని పన్ను విరిగిన రోజు వాడూ అక్కడే ఉన్నాడు. వాడు బావకేసి చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తాళాలాయన కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

"ఎలకే అక్కయ్యా," అన్నాడు బావమరిది ఆవిడతో. "ఈ ఇంట్లో ఒక పెద్ద ఎలకుంది. చీకట్లో చెయ్యి అందక సగమే కొరికింది."

తాళాలాయన పై మెట్టు ఎక్కాడు.

తీగ డాబా ఎక్కలేదు. పైగది గుమ్మం పక్కనించి లోపలికి పోయింది. రెండు నెలల తరవాత ఆయన ఆ తలుపు తోశాడు. కిటికీలు మూసి ఉన్నాయి. అలమర మీద తీగలు కలిపే చిన్న నల్ల పెట్టె, దానికి ఆకుపచ్చ దీపం, మనిషి లేని గదిలో మిణుకుమిణుకుమంటోంది. తీగ గది చుట్టూ తిరిగి మంచం తలవైపుకి వెళ్ళి ఆగింది.

అక్కడ గోడకి ఒక సాకెట్ బిగించి ఉంది. నిలబడ్డ మనిషికి మోకాలి ఎత్తు. అలాంటివి నడుము ఎత్తున పెడతారు. ఇది పడుకున్న మనిషి భుజం ఎత్తున ఉంది. అదీ కుడివైపు. భార్య ఎప్పుడూ ఎడమవైపు గోడకి ఆనుకుని పడుకునేది. ఆఖరి నెలలో ఎడంచెయ్యి పడిపోయింది. మంచం కూడా కుడిచేతికి సాకెట్ అందేలా జరిపి ఉంది. దిండు పక్కన గుడ్డ కప్పి చిన్న కంప్యూటర్ ఉంది, ఒళ్ళో పెట్టుకునే రకం.

తాళాలాయన వంగి సాకెట్ మరల్ని చూశాడు. రెంటి తలల మీది గాట్లూ ఒకే వరసలో ఉన్నాయి. తొందరలో ఉన్న దొంగ అలా బిగించడు.

"పద్నాలుగున ఇంటికి పంపిస్తామన్నారు డాక్టర్లు," అన్నాడు బావమరిది గుమ్మంలోంచే. "ఇక మెట్లు దిగలేను, నంబర్లు ఆగిపోతాయిరా అంది అక్క. నువ్వేమో తీగ పడనివ్వవు. ఇంటికొచ్చాక నేనే చెప్తాను, పడుకున్నదాన్ని తిట్టలేరులే అంది. వీధికీ దీనికీ సంబంధం లేదు బావా. కింది పెట్టెకీ ఈ మంచానికీ మధ్యనే. చెబుదామని మూడుసార్లు..."

"చాలు."

ఆవిడ టార్చి ఆర్పింది. తరవాత అడిగింది. "తీగ తీసేస్తే సరిపోతుంది అన్నయ్యగారూ. కంప్యూటర్ మళ్ళీ ఆగదు. తీసెయ్యనా, అతకనా?"

ఈ గదిలో ఇక ఆ తీగతో పనున్నవాళ్ళు లేరు. ముగ్గురికీ తెలుసు. తాళాలాయన ఆకుపచ్చ దీపాన్ని చూశాడు.

"అతకండి," అన్నాడు.

బావమరిదే అతికాడు, మెట్ల మలుపులో గొంతుక్కూర్చుని. కింద కంప్యూటర్ తీగతో సహా ఒక్క పిలుపులో లేచింది. శుక్రవారమంతా ఆయన నలభై రెండు తాళంచెవులూ కోశాడు. శనివారం పొద్దున్నే ఆసుపత్రిలో ప్రతి బీరువా తన ఎదుటే తీయించి, వేయించి వచ్చాడు. ఒక్కటీ బిగుసుకోలేదు. దారిలో కళ్ళజోళ్ళాయన ఆపాడు.

"ఏం, దొంగ దొరికాడా?"

"నీ కళ్ళు నీ కొట్లో పెట్టుకో."

ఆమె తమ్ముడికి చెప్పింది, తనకి చెప్పలేదు. అది మాత్రం అలాగే ఉంది. దానికి మందు లేదు. తాళంచెవి బావమరిదికి తిరిగివ్వలేదు, సొరుగులో పడేశాడు.

ఆదివారం బావమరిది వచ్చాడు. ఈసారి మెట్టెక్కి, గల్లా బల్లకి ఇవతల స్టూలు మీద కూర్చున్నాడు. తాళాలాయన ఆకురాయి ఆపలేదు.

"బావా, ఆ తీగ..."

ఆకురాయి ఆగింది.

"ఆ తీగ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."