నీలం రంగు ప్యాలెట్

ఏయ్, మూల కూర్చుని నవ్వు ఆపుకుంటున్నావే, నిన్నే! నన్ను మించిన తెలివిగలవాడివని కదూ నీ ధీమా? నేనూ పోయిన మంగళవారం పదకొండు గంటల దాకా అలాగే అనుకున్నాను. విను.

మా అన్న కూతురు వర్నెటాకి డెట్రాయిట్ తూర్పు పక్కన ప్యాలెట్ల షెడ్డు ఉంది. అదేలే, ఫ్యాక్టరీల్లో సరుకు పేర్చే చెక్క చట్రాలు. విరిగినవి తెచ్చి బాగుచేసి, అంచులకి నీలం రంగు వేసి అమ్ముతుంది. వాటిని ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి తోలేది నేను.

ఊళ్ళో పెద్ద కారు విడిభాగాల కంపెనీ ఒకటి, మాలాంటి నల్లవాళ్ళ దగ్గరా, ఆడవాళ్ళ దగ్గరా, చిన్న షెడ్ల దగ్గరా కొంత సరుకు కొంటామంటుంది. కాకపోతే మొదట మనిషిని పంపి చూస్తుంది, ఓనరమ్మ నిజంగా ఓనరేనా, వెనక ఏ మగాడైనా నడిపిస్తున్న బినామీయా అని. కిందటేడు ఒకడొచ్చాడు. వాడు వర్నెటాని అడిగిన ప్రతి ప్రశ్నకీ నేనే జవాబు చెప్పాను. నలభై నిమిషాలు! జోకులు కూడా వేశాను. వాడు నవ్వుకుంటూ వెళ్ళి, "అసలు ఓనరు బాబాయే" అని రాసి పడేశాడు.

అప్పట్నుంచి షెడ్డు వారానికి రెండు రోజులే నడుస్తోంది. ఈసారి కూడా ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే.

"బాబాయ్, ఈసారి నోరు తెరిచావో, ఫోర్క్‌లిఫ్ట్ తాళంచెవి నదిలో పారేస్తా. ఒక్క తుంటరి పనీ వద్దు," అంది వర్నెటా. ఆ మాట వారం రోజులు పొద్దునా సాయంత్రం చెప్పింది.

నాకు మాత్రం ఆ కంపెనీ మీదే అనుమానం. వీళ్ళు కొంటారా, లేక మా ముందు నిలబడి ఫొటో దిగి తమ గొప్పలు చెప్పుకునే పుస్తకంలో అచ్చేసుకుంటారా? తేల్చాలనుకున్నాను. నడిమి చెక్క చీలిన పనికిరాని ప్యాలెట్ ఒకటి తీసి, చీలికలో లప్పం కూరి, నీలం రంగు పూసి, అమ్మకానికి పెట్టిన దొంతరలో పైనుంచి మూడోదిగా దూర్చాను. వచ్చినామె సరుకు చూస్తే నిజం మనిషి. చూడకపోతే ఫొటోల మనిషి.

మంగళవారం మిస్ హాలొవే వచ్చింది. సన్నటి మనిషి, కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. వస్తూనే ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టింది. నేను లోపల్లోపల గెలిచాననుకున్నాను.

"పెట్టిగ్రూ గారూ, మీ గురించి కిందటేడు కాగితంలో చాలా ఉంది," అంది నాతో.

"ఓనరమ్మనడగండి," అన్నాను. జీవితంలో అంత చిన్న జవాబు నేనెప్పుడూ చెప్పలేదు.

"అలా చెప్పమని ఎవరు నేర్పారు?"

ఆమె సరాసరి దొంతర దగ్గరికెళ్ళి, పైనుంచి రెండు ప్యాలెట్లు దించమంది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఆమె నిజం మనిషైతే, చీలిన చెక్క చూసి మా పిల్ల కొంప ముంచుతుంది! అయినా రెండూ దించాను.

మిస్ హాలొవే మూడోదాని మీద చెయ్యి వేయబోయింది. ఈలోగా వర్నెటా ముందుకొచ్చి, సుత్తితో నడిమి చెక్క మీద ఒక్కటి వేసింది. బొత్తిగా గుల్ల చప్పుడు. ఇంకోటి వేసింది. లప్పం రాలింది.

"ఎవరు చేశారిది?"

రాలిన లప్పాన్ని బూటుతో పక్కకి తోశాను.

"బాబాయ్! అరవై మూడేళ్ళొచ్చాయి, సిగ్గులేదూ? నా దొంతరలో నాకు తెలియకుండా చెత్త పెడతావా? ఇప్పుడే మేకులు పీకు. మొత్తం పీకేదాకా భోజనానికి తెచ్చిన చేపముక్క కూడా ముట్టుకోవద్దు."

"సరే అమ్మా," అన్నాను. బుద్ధిగా మేకులు పీకడం మొదలుపెట్టాను.

మిస్ హాలొవే నన్నొకసారి, వర్నెటాని ఒకసారి చూసింది. కాగితం మీద ఏదో రాసింది. "ఇక్కడ ఎవరి మాట నడుస్తుందో ఇక అడగక్కర్లేదు. మొదటి ఆర్డరు ఆరు వందల ప్యాలెట్లు. శుక్రవారానికి ఇవ్వగలరా?"

"గురువారానికిస్తా," అంది వర్నెటా.

కారు వీధి మలుపు తిరిగాక నేను ఛాతీ విరిచాను. "చూశావా తల్లీ, నా తుంటరితనమే నిన్ను గట్టెక్కించింది. అనుకోకుండానే అయినా, నా చలవే!"

వర్నెటా వేయించిన చేప పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

"రంగు ఎక్కడిది బాబాయ్?"

"ఎక్కడిదేంటి, నా ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీదే ఉంది డబ్బా."

"మూత?"

"వదులుగానే ఉంది."

"ఎప్పుడూ నా బీరువాలో తాళం వేసి ఉండే లప్పం, కుంచె?"

"పక్కనే..." అన్నాను. చేపముక్క సగంలో ఆగిపోయింది.