చీటీ అంటించిన వైపు

నాచారంలో ఆ వరుస ఇళ్ల ఆడవాళ్లకు సాయంత్రం పూట నవ్వుకోవడానికి ఒక విషయం దొరికింది. కార్ఖానాలో గుమాస్తా గంగాధరరావు ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని, పుస్తకం చివరి నుంచి వెనక్కి తిప్పుతాడు.

“చదువు రాకపోతే ఊరుకోవచ్చుగా, ఆ నటన ఎందుకూ!” అంది కమలకుమారి. ఆమె బెజవాడలో కాలేజీ చదివి, భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చింది. పంపు దగ్గర అందరూ పకపకా నవ్వారు. బిందెతో నిలబడ్డ గంగాధరరావు కూతురు ఉమ నవ్వలేదు.

రోజూ అరుగు మీద తనకు చెప్పే లెక్కలను ఆ రోజు నుంచి లోపలే చెప్పమంది తండ్రిని.

“అరుగు మీద మస్తు గాలి ఉంది గద బిడ్డా?”

“వద్దు నాయినా.”

శ్రావణమాసంలో కమలకుమారి పేరంటానికి పిలవడానికి వాళ్లింటికి వెళ్లింది. ఉమ తల్లి శాంతాబాయి “రా వదినా, జర కూసో” అని పీట వేసింది. అప్పుడే పని నుంచి వచ్చిన గంగాధరరావు, ఉమ అక్కడే ఉన్నారు. పీట పక్కనే అట్ట వేసిన పుస్తకం ఉంది. దాని మీద ఉమ దస్తూరీతో ఇంగ్లీషులో ‘జామెట్రీ’ అని చీటీ. కమలకుమారి అట్ట తెరిచింది. లోపల ఉర్దూ.

“ఇదేమిటి అన్నయ్యగారూ, మొదటి పేజీలోనే అచ్చు సగంలో ఆగిపోయింది?”

“అది ఆఖరి పేజీ అమ్మా. ఉర్దూ కుడి దిక్కు నుంచి మొదలైతది. మీరు ఎనక నుంచి తెరిచిన్రు.”

కమలకుమారి ముఖం పాలిపోయింది.

“అప్పట్ల ఇక్కడ పెద్ద సదువులన్ని ఉర్దూలనే ఉండె, ఈయన సదువంత గట్లనే అయింది వదినా,” అంది శాంతాబాయి. “తెలుగు కథ ఇస్తే కూడబలుక్కుంట సదువుతడు. నేనే నవ్వుత!”

గంగాధరరావు మాత్రం చీటీనే చూస్తున్నాడు. “ఇటు దిక్కు అంటించిందెవరు?”

“నేనే నాయినా. ఇంగ్లీషు పుస్తకం అనుకుంటరని. నీకు సదువు రాదని పంపుకాడ నవ్విన్రు.”

ఆయన తడి వేలితో చీటీని మెల్లగా ఊడదీశాడు. “గీ పుస్తకాలు అచ్చెయ్యడం బందయి ఏండ్లయింది బిడ్డా. పుస్తకం బందైతే, సదివిన మనిషి గూడ బందైతడా?”

“ఆ మాట మొదట అన్నది నేనే అన్నయ్యగారూ,” అంది కమలకుమారి తల దించుకుని. ఉమ ఆమె వైపు చూడలేదు.

మర్నాడు పంపు దగ్గర ఎవరో మళ్లీ ఆ నవ్వు మొదలుపెట్టారు. కమలకుమారి బిందె కింద పెట్టింది.

“ఆయన పుస్తకాన్ని సరిగానే పట్టుకున్నారు. మనకు రాని అక్షరాలను చూసి ఆయనకు చదువు రాదన్నాం. దానివల్ల ఒక పిల్ల కన్నతండ్రిని దాచిపెట్టుకోవలసి వచ్చింది. చదువుకున్నామని చెప్పుకునే మనకు ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?”