పది అడుగుల దూరంలో పరంజ్యోతి

పరంజ్యోతి పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో ఆయన ఫొటో నాలుగడుగుల ఎత్తున పెట్టాలని భార్య రెబెక్కమ్మ పట్టుబట్టింది. ఆయన మనసారా నవ్విన ఫొటో ఒక్కటే ఉంది. పులికాట్‌లో పక్షుల్ని చూడబోయిన రోజు రెబెక్కమ్మ అక్క కూతురు ఏంజెలిన్ తీసి వాట్సాప్‌లో పంపింది. మిగతావన్నీ బిగుసుకుపోయిన ఆధార్ కార్డు మొహాలే.

సూళ్లూరుపేట బజారులో ఫ్లెక్సులు వేసే మెర్లిన్ ఆ ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి పెదవి విరిచింది.

"వాట్సాప్‌లో వచ్చింది కదక్కా, బొమ్మలో చుక్కలు తగ్గిపోయుండాయి. పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా అయిపోతాది. మొదట తీసిన ఫోన్‌లో ఉండాదేమో కనుక్కో."

రెబెక్కమ్మ అక్కడే నిలబడి ఏంజెలిన్‌కు ఫోన్ చేసింది. ఆ ఫోన్ ఎప్పుడో చెడిపోతే పారేశానంది ఏంజెలిన్.

"అయితే ఇంకో దారుండాది" అంటూ మెర్లిన్ ఏదో నొక్కింది. "లేని చుక్కల్ని ఇదే ఊహించి నింపుతాది."

రెండు నిమిషాల్లో తెర మీద ముఖం తేటపడింది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. రెబెక్కమ్మ ఆశగా ముందుకు వంగి, చూస్తూ చూస్తూ వెనక్కి జరిగింది.

"ఈయనెవురమ్మా?"

"అన్నే కదక్కా!"

"మా ఆయనకు ముందుపళ్ళ మధ్య సందుండేది. పాట ఎత్తుకుంటే అందులోనుంచి చిన్న ఈల వచ్చేది. పెళ్ళైన కొత్తలో ఆ ఈలకే నవ్వేదాన్ని. ఆ సందు పూడ్చేసినాది నీ మిషను."

మెర్లిన్ ఆ ముఖాన్ని తీసేసి పాత ఫొటోనే మళ్ళీ తెరిచింది.

"ఉన్నదాన్నే నున్నగా సాగదీస్తానక్కా. కొత్తగా ఏమీ కలపను. పది అడుగుల దూరం నుంచి చూస్తే బాగుంటాది. దగ్గరికి పోతే మాత్రం మసకే."

"మసకైనా ఆయనే ఉండాల."

ఆదివారం మధ్యాహ్నం మందిరంలో, వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు కూడా పరంజ్యోతిని గుర్తుపట్టి కళ్ళు తుడుచుకున్నారు. పళ్ళ సందుతో సహా ఆయనే. అందరూ వెళ్ళాక రెబెక్కమ్మ చెంప నిమురుదామని దగ్గరికి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి నవ్వు చెదిరింది. మరో రెండు వేసేసరికి మొహమంతా మసకైపోయింది. చాచిన చేయి అలాగే ఉండిపోయింది. గబగబా వెనక్కి వచ్చింది. మళ్ళీ నవ్వాడు.

ఫొటోను ఇంటికి తెచ్చి గోడకు తగిలించింది. ఉన్నది ఒక్కటే గది. ఏ మూల నిలబడినా పది అడుగుల దూరం రాలేదు, ఆయన అందలేదు. చివరికి అన్నం పళ్ళెం పట్టుకుని వసారా చివరికంటా వెళ్ళి తిరిగి చూసింది. తెరిచిన తలుపులోంచి పరంజ్యోతి నిండుగా కనబడ్డాడు.

"ఈడనుంచే అయితే ఈడనుంచే" అనుకుంటూ ఆమె అక్కడే చాప పరుచుకుని, ఆయన వైపు తిరిగి కూర్చుని అన్నం కలుపుకుంది.