పంటి కింద కర్ర

అది కాదు అమ్మడూ, ముందు కర్ర సంగతి రాయి. నా పుట్టుపూర్వోత్తరాలు తర్వాత రాద్దువుగాని. తలుపు వెనక చూడు, చీపురు పక్కన ఉంటుంది. తే ఇలా. ఆ, ఇదే. నీ భుజం దాకా వస్తుంది. ఒక కొన సన్నం, ఇంకో కొన గుండ్రంగా, చిన్న గిన్నె బోర్లించినట్టు. సన్నటి కొన మీద ఈ నొక్కులు చూశావా? ఎలకలు కొరికినవి కావు. మా బావ పళ్ళ గుర్తులు.

నేను నెమ్మదిగా చెప్తా, నువ్వు నెమ్మదిగా రాయి. నాకు చదువు లేదు, నీకు ఓపిక లేదు, జోడీ బాగా కుదిరింది.

మీ కర్ర తాతయ్య, అంటే మా అక్క మొగుడు, కూతురింట్లో మంచం పట్టి ఉన్నాడు. చెవులు యుద్ధంలోనే పోయాయి. అక్క పోయాక పలక మీద రాసి చూపిస్తే చదివేవాడు. ఇప్పుడు కళ్ళూ పోయాయి. మొన్న ఆయన కూతురు ఫోన్లో ఏమంది? "మామయ్యా, నాన్నకి ఇంక ఏదీ చెప్పలేం. ముద్ద నోట్లో పెడితే మింగుతున్నాడు, అంతే. ఆయన లోకంలో ఆయన ఉన్నాడు" అంది. "కర్ర పంపించనా?" అన్నా. "అమ్మ పోయిన రోజే ఆ కర్ర నీ చేతిలో పెట్టేశాడుగా. ఇంకెవరి గొంతూ దాంట్లో వినను అన్నాడు. నేను దాంట్లో మాట్లాడతానంటే తోసేశాడు. వదిలెయ్ మామయ్యా" అంది.

వదలను. రాశావా? వదలను అని రాయి, పెద్దగా రాయి.

బావ మా ఊరికి నీళ్ళు పంపే పంప్‌హౌస్‌లో ఇంజినీరు, నేను అక్కడే ఫిట్టర్ని. ఆయన చదువుకుని పైకెళ్ళాడు, నేను పైపులు పట్టుకుని కిందే ఉన్నా. పనిలో ఉన్నప్పుడు కూడా "బావా" అని నోరు జారేవాణ్ణి. "ఇక్కడ బావా గీవా ఏం లేదు, స్పానర్ అందుకో" అని కసిరేవాడు. ఇంటికొచ్చాక మాత్రం నా పళ్ళెంలో ఉన్నది లాక్కుని తినేవాడు.

యుద్ధం మొదలైనప్పుడు చాలామంది ఇంజినీర్లు ఊరు విడిచి వెళ్ళిపోయారు. బావని కూడా రమ్మన్నారు, వాళ్ళ కారులో చోటుందన్నారు. "నీళ్ళని కూడా కారులో ఎక్కించుకుంటారా?" అని అడిగి, లోపలికొచ్చి పంపు దగ్గర కూర్చున్నాడు.

ఇప్పుడు కర్ర దేనికో రాయి. భూమిలో పైపు పగిలితే నీళ్ళు బుస్సుమని చప్పుడు చేస్తాయి. కర్ర సన్నటి కొన వాల్వు మీద పెట్టి, గుండ్రటి కొనకి చెవి ఆనిస్తే ఆ చప్పుడు పైకొస్తుంది. ఎక్కడ గట్టిగా వస్తే అక్కడ తవ్వాలి. దానికి ఊరు సద్దుమణగాలి, అందుకని మామూలు రోజుల్లో రాత్రిళ్ళు వినేవాళ్ళం. యుద్ధంలో రాత్రి వీధిలో కనపడితే కాల్చేసేవాళ్ళు. పగలు చూస్తే ఫిరంగులు, లారీలు, జనరేటర్లు. కర్రకి చెవి పెడితే ఊరంతా ఒకేసారి అరిచినట్టుండేది.

ఒకరోజు బాంబు పంప్‌హౌస్ గోడ మీద పడింది. బావ గోడ పక్కనే ఉన్నాడు. దుమ్ములోంచి లాగేసరికి రెండు చెవుల్లోంచీ రక్తం. నేను అరుస్తున్నా, ఆయన నా నోటివంక చూస్తున్నాడు. డాక్టరు చూసి చెవి పొరలు చిరిగిపోయాయన్నాడు, లోపల ఎలా ఉందో చెప్పలేనన్నాడు.

మా పై అధికారి ఒకాయన ఉండేవాడు. బాంబులు పడుతున్నా చేతిలో గొడుగు వదిలేవాడు కాదు. మేం ఆయన్ని గొడుగాయన అనేవాళ్ళం. మంచివాడే, కాకపోతే భయస్తుడు. ఆయన ఇంటికొచ్చి నాతో చెప్పాడు. "మీ బావగారికి నచ్చజెప్పు. చెవుల్లేని మనిషి పైపులేం వింటాడు? ఇంటిపట్టున ఉండమను. ఆయన పని వేరే ఎవరికో అప్పజెప్తాం."

"ఎవరున్నారండీ అప్పజెప్పడానికి?" అన్నా.

ఆయన గొడుగు ఇటు మార్చుకున్నాడు, అటు మార్చుకున్నాడు.

ఆ వారంలోనే ఆసుపత్రికి నీళ్ళు ఆగిపోయాయి. ఆసుపత్రి మిట్ట మీద. మా అక్క అందులో నర్సు. దారిలో పైపు ఎక్కడో పగిలింది. బయట చుక్క కనపడదు, అంతా మురుగు కాలవలోకి పోతోంది. అక్కా వాళ్ళూ బకెట్లతో కింది బావి నుంచి మిట్ట మీదికి మోశారు. ఆ దారికి అటూ ఇటూ తూటాలకి అడ్డంగా గోడల్లేవు. ఆ దారిలోనే అక్కతో పనిచేసే ఆవిడ బకెట్‌తో పాటు పడిపోయింది, మళ్ళీ లేవలేదు. ఇంకెన్ని రోజులు మోస్తే ఇంకెంతమంది పోతారో అని నాకు భయం. అక్క ఇంటికొచ్చి బావ ఎదురుగా కూర్చుని ఏడ్చింది. ఆయనకి ఆ ఏడుపు కూడా వినపడదు కదా. కళ్ళు తుడుచుకుని, ఎండిపోయిన రొట్టె ముక్క ఆయన చేతిలో పెట్టింది.

బావ రొట్టె కొరికాడు. కొరికి ఆగిపోయాడు. మళ్ళీ కొరికాడు, కరకర. మా ఇద్దరి మొహాలూ చూశాడు. "వినపడుతోంది" అన్నాడు.

"ఏంటి?" అని చెయ్యి తిప్పింది అక్క.

"రొట్టె!" అని అరిచాడు. చెవులు లేవు కదా, ప్రతి మాటా అరుపే. "నా తలకాయలో వినపడుతోంది!"

మతి పోయిందనుకున్నాం, నిజం. ఆయన లేచి ఈ కర్ర తీసి తలకిందులు చేశాడు. గుండ్రటి కొన గోడలోంచి వచ్చే పైపుకి ఆనించి, సన్నటి కొన పళ్ళ మధ్య పట్టుకున్నాడు. నన్ను కొట్టమని చెయ్యి ఊపాడు. నేను స్పానర్ తీసుకుని మా పాత గుర్తు కొట్టా: ఒక దెబ్బ, కాస్త ఆగి రెండు దెబ్బలు. పైపుకి చెరో చివరా ఉన్నప్పుడు నేనున్నా, పని కానివ్వు అని చెప్పుకునే గుర్తది. బావ కర్ర పళ్ళతో పట్టుకునే నవ్వాడు. చొంగ కారుతోంది, నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి వీధికి వెళ్ళాం. గొడుగాయన కూడా వచ్చాడు. బావ వాల్వు దగ్గర బోర్లా పడుకుని కర్ర కొరికి పట్టుకుంటే ఆయన నా చెవిలో, "ఇదేంటయ్యా, కుక్క ఎముక పట్టుకున్నట్టు?" అన్నాడు.

ఒకచోట బావకి బుస్సుమని గట్టిగా వినపడింది. తవ్వమన్నాడు. మేం నలుగురం తవ్వాం. పైపు బయటపడింది. నిగనిగలాడుతోంది, చిన్న పగులు కూడా లేదు. పనివాళ్ళు గడ్డపారలు కింద పడేశారు. "నేను చెప్పానా?" అన్నాడు గొడుగాయన. "ట్యాంకర్లు అడుగుదాం. ఎప్పుడొస్తే అప్పుడొస్తాయి. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళు."

బావకి మాటలు వినపడకపోయినా మొహాలు కనపడ్డాయి. గోతిలోకి దిగి పైపు మీద చెయ్యి వేసి ఆలోచించాడు. తర్వాత నన్ను వీధి మొదట ఉన్న పెద్ద వాల్వు దగ్గరికి పంపాడు. వెళ్ళి చూస్తే అది సగం మూసి ఉంది! నీళ్ళు వృథా పోకూడదని ఎవరో మూయడం మొదలుపెట్టి, బాంబులు పడితే సగంలో వదిలేసి పరిగెత్తారు. సగం మూసిన వాల్వులోంచి నీళ్ళు ఇరుక్కుని పోతే అచ్చం పైపు పగిలినట్టే మోగుతుంది. మా పనిలో ఎవరైనా మోసపోయేది అక్కడే. నేను దాన్ని పూర్తిగా తెరిచి, పైపు మీద ఒక దెబ్బ, రెండు దెబ్బలు కొట్టా.

తిరిగొచ్చేసరికి గొడుగాయన బావకి చేతులతో సైగలు చేస్తున్నాడు: చాలు, వెళ్ళు, పడుకో. బావ నోట్లోంచి కర్ర తీసి ఒకటే మాటన్నాడు. అమ్మడూ, ఇది ఉన్నదున్నట్టు రాయి. "వినే దారి ఒకటి ఉన్నంతకాలం చెవిటివాణ్ణని కూర్చోను."

మళ్ళీ నేల మీద బోర్లా పడుకున్నాడు. అడుగు జరగడం, కర్ర పెట్టడం, కొరకడం. నడిమధ్యలో ఫిరంగులు మొదలయ్యాయి. నేను ఇంకో కర్రకి చెవి పెడితే నాకు ఫిరంగి తప్ప ఏమీ లేదు. ఆయనకి గాలిలో చప్పుడు లేదు, నేలలో చప్పుడే ఉంది. వీధి మొత్తంలో ఆ పైపుని వినగలిగిన మనిషి ఆయనొక్కడే. చివరికి చెప్పుల కొట్టు మెట్ల దగ్గర చెయ్యి ఎత్తాడు.

తవ్వుతుంటే సైరన్ మోగింది. అందరూ గోడ చాటుకి ఉరికారు. గోతిలో బావ ఒక్కడే. నేను చొక్కా పట్టి లాగా, ఆకాశం చూపించా, చెవులు చూపించా.

"ఏం సైరన్? నాకేం వినపడలేదే" అన్నాడు. కావాలనే! మొహంలో ఆ కొంటెతనం చూడాలి నువ్వు. ఇంకేం చేస్తా, నేనూ దిగా. మమ్మల్ని చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చారు. గొడుగాయన కూడా వచ్చాడు. ఆ గొడుగుతోనే మట్టి పక్కకి లాగాడు పాపం, దాని ఊచలు విరిగిపోయాయి.

పగులు సరిగ్గా మెట్ల కిందే ఉంది. రబ్బరు చుట్టి క్లాంపు బిగించాం. బావ కర్ర పంటికి పెట్టి చాలాసేపు విన్నాడు. "ఊరుకుంది" అన్నాడు. సాయంత్రం మిట్ట మీద కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. అక్కా వాళ్ళూ ఆ దారిలో మళ్ళీ బకెట్ మోయలేదు.

ఆ రోజు అక్క ఇంటికొచ్చి బావని తిట్టింది. సైరన్ మోగినా గోతిలో ఉన్నాడని ఎవరో ఆమె చెవిన వేశారు. ఆయనకేం వినపడుతుంది, తాపీగా కూర్చున్నాడు. దాంతో అక్కకి తిక్కరేగి, కర్ర సన్నటి కొన ఆయన పళ్ళ మధ్య దూర్చి, గుండ్రటి కొన తన గొంతుకి ఆనించి, "బుద్ధుందా మీకు?" అని మొదలుపెట్టింది. బావ కళ్ళు ఇంత పెద్దవయ్యాయి. తిట్లన్నీ అయ్యేదాకా కదల్లేదు. "ఇంకోసారి తిట్టవే" అన్నాడు.

అప్పట్నుంచి వాళ్ళ కాపురం ఈ కర్ర మీద నడిచింది. యుద్ధం అయిపోయాక ఊరి పైపులన్నీ మళ్ళీ వేయించాడు, ఎంతోమంది ఫిట్టర్లని తయారుచేశాడు. మీటింగుల్లో అక్క పక్కన కూర్చుని పెద్దపెద్దవాళ్ళ మాటలన్నీ కర్రలో చేరవేసేది, మధ్యలో తన మాటలు రెండు కలిపి. అక్క పోయింది, కర్ర నా తలుపు వెనక్కి చేరింది. ఎవరికీ ఇవ్వద్దన్నాడు. ఇన్నాళ్ళూ ఇవ్వలేదు. కానీ ఆయన కళ్ళు పోయాక ఆ మాట నిలబెట్టుకోవడం నావల్ల కాదు. అక్క గొంతుకంటే ముందు ఈ కర్రలో మోగింది నా స్పానర్. ఆ మాత్రం హక్కు నాకుంది.

నా కాళ్ళు కదలవు, రేపు బస్సుకి నువ్వు వెళ్తున్నావు. సరిగ్గా విను. గుండ్రటి కొన నీ గొంతుకి ఆనించుకో, సన్నటి కొన ఆయన పంటికి పెట్టు. ఉన్నవి నాలుగైదు పళ్ళే అయినా ఒకటి చాలు. తోసేస్తాడు. తోయనీ, మళ్ళీ పెట్టు. మాట్లాడే ముందు వేలితో కర్ర మీద కొట్టు: ఒక దెబ్బ, కాస్త ఆగి రెండు దెబ్బలు. అప్పుడు తోయడు. నేనున్నానని తెలుస్తుంది ఆయనకి. అప్పుడు ఈ కాగితాలు తీసి, నెమ్మదిగా, నాలాగే నెమ్మదిగా, మీ కర్ర తాతయ్యకి మొదట్నుంచీ చదివి వినిపించు. ఆయన అన్న ఆ ఒక్క మాట మాత్రం రెండుసార్లు చదువు.